ఇల్లు ఒకచోట.. కారు షెడ్డు విడిగా: ముగ్గు పోయకముందే కంప్యూటర్‌లో కట్టి చూసుకోండిలా!

స్థలం ఉంది. ఇంటి ప్లాన్ కాగితం మీదకు వచ్చేసింది. హాలు ఎంత, బెడ్‌రూమ్‌లు ఎన్ని, పూజగది ఏ మూల, మెట్లు ఎటు తిరగాలి.. అన్నీ తేలిపోయాయి. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘‘పక్కన ఓ షెడ్డు వేద్దాంలే’’ అన్న మాటతో సరిపెట్టేస్తారు. తీరా గోడలు లేచాక అసలు సంగతి బయటపడుతుంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య మనిషి పట్టని సందు మిగులుతుంది. గేటు దగ్గర కారు ఒక్క తిప్పుకి లోపలికి రాదు. వానొస్తే రేకుల నీళ్లన్నీ కిటికీ సజ్జా మీదే పడతాయి. అప్పుడు గోడ కొట్టినా ఖర్చే, వదిలేసినా రోజూ చిరాకే.

ఇవన్నీ ముందే కనిపెట్టొచ్చు. అందుకు ఆర్కిటెక్ట్ వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఇంట్లో ఓ మామూలు ల్యాప్‌టాప్, రెండు సాయంత్రాల ఓపిక ఉంటే చాలు. ఇల్లు, విడిగా కారు షెడ్డు రెండింటినీ ఒకే స్థలంలో కొలతల ప్రకారం ఎలా గీసుకోవాలి, ఎక్కడ తప్పులు దొర్లుతాయి.. ఓ ఉదాహరణ తీసుకుని చూద్దాం.

ఏ సాఫ్ట్‌వేర్?

ఇంటి డిజైన్ కోసం చాలానే ఉన్నాయి. స్కెచప్ అందరికీ తెలిసిన పేరు. 2006లో గూగుల్ చేతికి, 2012లో ట్రింబుల్ చేతికి వెళ్లింది. దాంతో ఏదైనా గీయొచ్చు కానీ, గోడ, తలుపు, గది అన్నీ మీరే మలచుకోవాలి. కొత్తవాళ్లకు కాస్త టైమ్ పడుతుంది.

ఇక్కడ మనం వాడేది ‘స్వీట్ హోమ్ 3డీ’. ఫ్రాన్స్‌కు చెందిన డెవలపర్ ఎమ్మాన్యుయెల్ ప్యుబారే తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ 2006 నుంచి అందుబాటులో ఉంది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. బ్రౌజర్‌లో వాడే ఆన్‌లైన్ వెర్షన్, ఫోన్ యాప్ కూడా ఉన్నాయి. అయితే ఫోన్‌లో గీయడం కన్నా చూడటమే సుఖం. వేలితో అంగుళం తేడా పట్టుకోవడం కష్టం. గీయడానికి ల్యాప్‌టాప్, చూపించడానికి ఫోన్.. ఇలా పెట్టుకుంటే మంచిది.

తెరవగానే స్క్రీన్ నాలుగు భాగాలుగా కనిపిస్తుంది. ఎడమవైపు పైన తలుపులు, కిటికీలు, సామాన్ల జాబితా. దాని కింద మీరు పెట్టిన వస్తువుల లెక్క. కుడివైపు పైన 2డీ ప్లాన్, కింద 3డీ బొమ్మ. పైన గీత గీస్తుంటే కింద గోడ లేస్తుంది. నేర్చుకోవాల్సింది పెద్దగా ఏం లేదు.

ఒక్క పని మాత్రం ముందే చేయాలి. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి కొలతల్ని అడుగులు-అంగుళాలకు మార్చండి. కొత్త గోడ ఎత్తు, మందం కూడా అక్కడే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే గోడ దాదాపు 8 అడుగుల ఎత్తు, 3 అంగుళాల మందం. మన దగ్గర శ్లాబ్ ఎత్తు 10 అడుగులు, బయటి గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. ఇది మార్చకుండా మొదలుపెడితే ప్రతి గదీ స్క్రీన్ మీద ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. కట్టాక చిన్నదైపోతుంది.

ముందు స్థలం.. ఆ తర్వాతే ఇల్లు

చాలామంది హాలుతో మొదలుపెడతారు. విడిగా షెడ్డు వేసేవాళ్లు అలా చేయకూడదు. ఇక్కడ సమస్యంతా గోడల్లో కాదు, గోడల మధ్య మిగిలే జాగాలో ఉంటుంది. కాబట్టి మొదట గీయాల్సింది ప్రహరీ.

మన ఉదాహరణలో స్థలం 300 గజాలు. అంటే 2,700 చదరపు అడుగులు. తూర్పున రోడ్డు. రోడ్డు వెంబడి 45 అడుగులు, లోపలికి 60 అడుగులు. గీసేముందు ఓసారి టేపు పట్టుకుని స్థలానికి వెళ్లండి. నాలుగు వైపులూ కొలిచి, ఆపై మూల నుంచి మూలకు కూడా కొలవండి. 45, 60 కొలతలున్న స్థలం నిజంగా మూలమట్టంగా ఉంటే ఐమూల కొలత కచ్చితంగా 75 అడుగులు రావాలి. మేస్త్రీలు ముగ్గు పోసేటప్పుడు వాడే 3-4-5 లెక్కే ఇది, 15 రెట్లు పెద్దది అంతే. ఒక ఐమూల 76, ఇంకోటి 74 వచ్చిందంటే స్థలం ఒరిగి ఉందని అర్థం. డాక్యుమెంట్‌లో ఏం రాసున్నా స్క్రీన్ మీద గీయాల్సింది టేపు చెప్పిన ఆకారమే.

లేఅవుట్ కాపీ ఉంటే ఫొటో తీసి ‘ఇంపోర్ట్ బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్’ ద్వారా ప్లాన్ వెనకాల పెట్టుకోవచ్చు. తెలిసిన ఒక పక్క మీద గీత లాగి ‘ఇది 60 అడుగులు’ అని చెబితే స్కేల్ అదే సరిచేసుకుంటుంది. ఫొటో వంకరగా తీస్తే ఇంకో పక్క తప్పు వస్తుంది. అందుకే 45 అడుగుల వైపు కూడా కొలిచి చూసుకున్నాకే ముందుకెళ్లండి.

ప్లాన్‌లో రోడ్డును స్క్రీన్ కింది వైపు పెట్టుకుంటే చూడటానికి వీలుగా ఉంటుంది. మనది తూర్పు రోడ్డు కాబట్టి అప్పుడు ఉత్తరం కుడిచేతి వైపు వస్తుంది. ప్లాన్ మీద ఉండే దిక్సూచిని అటు తిప్పండి. దాని మీద డబుల్ క్లిక్ చేసి మీ ఊరు కూడా పెట్టండి. ఇది వాస్తు కోసమే అనుకోకండి. తర్వాత ఎండ ఎటు పడుతుందో చూసేటప్పుడు ఇదే ఆధారం.

నేల కోసం 45, 60 అడుగుల ‘రూమ్’ ఒకటి గీసి మట్టి రంగు ఇవ్వండి. అందులో ‘డిస్‌ప్లే సీలింగ్’ టిక్ తీసేయడం మర్చిపోవద్దు. లేదంటే లోపల నడిచి చూసేటప్పుడు ఆకాశం బదులు పైకప్పు కనిపించి గందరగోళంగా ఉంటుంది.

మూడు ఎత్తులు.. మూడు లెవెల్స్

ఇది కొత్తవాళ్లు ఎక్కువగా తడబడే చోటు. ఇల్లు, షెడ్డు, నేల.. మూడూ ఒకే ఎత్తులో ఉండవు. ఇంటి బేస్‌మెంట్ రెండడుగులు లేపుతాం. షెడ్డు అంత లేపితే కారు ఎక్కదు కాబట్టి ఆరంగుళాలు చాలు. అన్నీ ఒకే ప్లాన్‌లో గీసేస్తే అన్నీ నేల మీదే కూర్చుంటాయి. మెట్లు, ర్యాంపు లెక్క అసలు కనిపించదు.

‘ప్లాన్’ మెనూలో ‘యాడ్ లెవెల్’ ఉంటుంది. అది కొత్త లెవెల్‌ని పై అంతస్తు అనుకుని పైకి పెట్టేస్తుంది. కంగారు పడక్కర్లేదు. ప్లాన్ పైన కనిపించే ఆ లెవెల్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే ఎత్తు మార్చుకోవచ్చు. స్థలం, ప్రహరీ ఉన్న కింది లెవెల్ సున్నాలో ఉంటుంది. ఇంటి లెవెల్‌కి ఎత్తు 2 అడుగులు, ఫ్లోర్ మందం కూడా 2 అడుగులు ఇవ్వండి. షెడ్డు లెవెల్‌కి ఎత్తు ఆరంగుళాలు, మందం ఆరంగుళాలు. అప్పుడు ఇంటి గోడలు గాల్లో వేలాడకుండా నేల దాకా దిగి, బేస్‌మెంట్‌తో సహా కనిపిస్తాయి. స్థలాన్ని విడిగా కింది లెవెల్‌గా పెట్టకపోతే ఈ ఉపాయం పనిచేయదు. సాఫ్ట్‌వేర్ అన్నింటికన్నా కింద ఉన్న లెవెల్‌కి ఫ్లోర్ మందం లెక్కలోకి తీసుకోదు.

రెండడుగుల బేస్‌మెంట్ అంటే ఆరంగుళాల మెట్లు నాలుగు. ఆ మెట్లు ఎటువైపు దిగుతాయి? కారు వెళ్లే దారిలోకా? ఇలాంటి ప్రశ్నలు లెవెల్స్ పెట్టాకే వస్తాయి.

గోడ పొడవులో 9 అంగుళాల మోసం

షెడ్డు లోపలి కొలత 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు అనుకుందాం. ఇది చాలా? ఇన్నోవా క్రిస్టా పొడవు 4,735 మిల్లీమీటర్లు, వెడల్పు 1,830. పదకొండు అడుగులంటే 335 సెంటీమీటర్లు. కారు మధ్యలో నిలిపితే ఒక్కో పక్క రెండున్నర అడుగులు మిగులుతుంది. తలుపు తెరుచుకుని పెద్దవాళ్లు కూడా దిగొచ్చు. స్విఫ్ట్ లాంటి 3,860 మిల్లీమీటర్ల కారయితే ముందు ఐదడుగులకు పైగా జాగా ఉంటుంది. స్కూటీ అడ్డంగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు గీయండి. గోడ మొదలుపెట్టాక ఎంటర్ కొడితే పొడవు టైప్ చేయమంటుంది. చాలామంది ఇక్కడ 11 అని కొట్టేస్తారు. తప్పు అక్కడే. స్వీట్ హోమ్ 3డీలో గోడ పొడవును గోడ మధ్యగీత మీద లెక్కిస్తారు. 9 అంగుళాల గోడలో నాలుగున్నర ఇటు, నాలుగున్నర అటు పోతుంది. 11 కొడితే లోపల దొరికేది పది అడుగుల మూడంగుళాలే. లోపల 11 కావాలంటే 11 అడుగుల 9 అంగుళాలు కొట్టాలి. 18కి 18 అడుగుల 9 అంగుళాలు. బయటి కొలత తీసుకుంటే ఈ షెడ్డు పన్నెండున్నర, పంతొమ్మిదిన్నర అడుగులవుతుంది. నాలుగు గోడలూ అయ్యాక ‘క్రియేట్ డైమెన్షన్స్’ తీసుకుని లోపలి అంచు నుంచి లోపలి అంచుకి గీత లాగి సరిచూడండి.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు కూడా ‘లోపలి కొలతా, బయటి కొలతా’ అని ఒకటికి రెండుసార్లు అడిగి తేల్చుకోండి. ఊళ్లలో గొడవలన్నీ ఇక్కడే.

కాగితం మీద ఏడున్నర అడుగులు.. నేల మీద ఆరంగుళాలు

షెడ్డును ఎక్కడ పెడదాం? తూర్పు రోడ్డు స్థలంలో కారుకి ఆగ్నేయం, లేదా వాయవ్యం చెబుతుంటారు. ముందు వాయవ్యం చూద్దాం. అంటే ఇంటి పక్క నుంచి దారి, వెనక మూలలో షెడ్డు. అమెరికాలో పాత కాలనీల్లో ఇంటి వెనకాల విడిగా కట్టే గ్యారేజీలు సరిగ్గా ఇలాగే ఉంటాయి.

అన్ని పక్కలా మూడున్నర అడుగులు, ముందు 10 అడుగులు వదులుతున్నాం అనుకోండి. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. అసలు సెట్‌బ్యాక్ స్థలం విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తును బట్టి మారుతుంది.

ఇల్లు 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. షెడ్డు వెడల్పు పన్నెండున్నర. రెండూ కలిపితే ముప్ఫై ఏడున్నర. స్థలం 45. ‘ఇంకా ఏడున్నర అడుగులు మిగిలింది కదా’ అనిపిస్తుంది. కాగితం మీద అందరూ మోసపోయే లెక్క ఇదే. దక్షిణం ప్రహరీ దగ్గర మూడున్నర, ఉత్తరం ప్రహరీ దగ్గర మూడున్నర తీసేయండి. ఇంటి గోడకీ షెడ్డు గోడకీ మధ్య మిగిలేది అక్షరాలా ఆరంగుళాలు! చీపురు కూడా దూరదు. ఎలుకలకు, తేమకు మాత్రం బ్రహ్మాండమైన చోటు.

స్క్రీన్ మీద ఆ సందు చూడగానే ఎవరికైనా మొదట తట్టేది ఇంటి వెడల్పు తగ్గించడం. 25ని 22 చేస్తే మధ్యలో మూడున్నర అడుగుల సందు వస్తుంది. కానీ 40 అడుగుల పొడవునా మూడడుగులు కోసేస్తే 120 చదరపు అడుగులు పోతాయి. ఓ చిన్న గది పోయినట్టే.

మోడల్‌ని ఇంకాస్త తీరిగ్గా చూడండి. షెడ్డు మొదలయ్యేది రోడ్డు నుంచి 37 అడుగుల దగ్గర. ఇల్లు ముగిసేది 50 అడుగుల దగ్గర. అంటే రెండూ పక్కపక్కన ఉండేది వెనకాల 13 అడుగుల మేర మాత్రమే. ముందు మూడున్నర అడుగుల దారి కూడా కలుపుకుని, ఇంటి వెనక ఉత్తరం మూలలో పదహారున్నర అడుగుల పొడవున మూడడుగులు లోపలికి జరిపితే సరిపోతుంది. పోయేది 50 చదరపు అడుగుల లోపే. ముందు భాగంలో ఇల్లు 25 అడుగుల వెడల్పుతో అలాగే ఉంటుంది. స్వీట్ హోమ్ 3డీలో ఆ గోడను మధ్యలో ‘స్ప్లిట్ వాల్’ చేసి ముక్కను లోపలికి జరపడం ఐదు నిమిషాల పని. కట్టాక ఈ 70 చదరపు అడుగులు వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

మూల తెగితే వాస్తుకి ఒప్పదు అనేవాళ్లు ఇంట్లో ఉంటారు. ఆ మాట ఇప్పుడే, స్క్రీన్ ముందే తేల్చుకోవడం నయం. పునాది తీశాక సిద్ధాంతిని పిలిస్తే మేస్త్రీ కూలీ రెండుసార్లు అవుతుంది.

కారుకి ఎన్ని గజాలు?

షెడ్డు బయటి కొలతల ప్రకారం దాదాపు 244 చదరపు అడుగులు. అంటే 27 గజాలు. గేటు నుంచి షెడ్డు తలుపు దాకా 37 అడుగుల దారి, 10 అడుగుల వెడల్పు. అది 370 చదరపు అడుగులు. మరో 41 గజాలు. మొత్తం 68 గజాలు. మూడు వందల గజాల స్థలంలో ఐదో వంతుకు పైగా ఒక్క కారుకే! మీ ఊళ్లో గజం రేటుతో గుణించి చూసుకోండి, కారు ధర దాటిపోయినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు రెండో ఆప్షన్. షెడ్డును ఆగ్నేయంలో ముందుకి తెస్తే దారి 10 అడుగులకు తగ్గుతుంది. సరిగ్గా 30 గజాలు మిగులుతాయి. కానీ ఇంటి ముందు పన్నెండున్నర అడుగుల మేర షెడ్డు గోడ అడ్డం వస్తుంది. హాలును ఇంకో పక్కకు జరపాలి, లేదంటే ఇంటి ఆకారమే మార్చాలి.

రెండూ పోల్చడానికి రెండు ఫైళ్లు అక్కర్లేదు. ‘యాడ్ లెవెల్ ఎట్ సేమ్ ఎలివేషన్’ అనే ఆప్షన్‌తో అదే ఎత్తులో ఇంకో లెవెల్ పెట్టి, అందులో రెండో షెడ్డు గీయండి. ఒకటి కనిపించకుండా చేసి ఇంకోటి చూడొచ్చు. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఇది, అది అని మార్చి మార్చి చూపిస్తే పది నిమిషాల్లో నిర్ణయం అయిపోతుంది. ఒక మాట. ఆ 37 అడుగుల దారి పూర్తిగా వృథా ఏం కాదు. వడియాలు ఎండబెట్టినా, ఇంట్లో శుభకార్యానికి టెంటు వేసినా, పిల్లలు సైకిల్ తొక్కినా అక్కడే.

గేటు ఎక్కడ పెడుతున్నారు?

ప్రహరీ మధ్యలో గేటు అందంగా ఉంటుంది. కారుకి మాత్రం నరకం. మన షెడ్డు మధ్యభాగం ఉత్తరం ప్రహరీ నుంచి 9 అడుగుల 9 అంగుళాల దగ్గర ఉంది. గేటు మధ్య కూడా అక్కడే ఉంటే కారు తిన్నగా లోపలికి పోతుంది, తిన్నగా వెనక్కి వస్తుంది. గేటును నాలుగడుగులు పక్కకు జరిపారంటే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ ప్రతిరోజూ ఇంటి మూలను తప్పించుకోవాలి.

రోడ్డు మీద నుంచి తిరగడం ఇంకో లెక్క. స్విఫ్ట్ టర్నింగ్ రేడియస్ 4.8 మీటర్లు. జాబితాలోంచి గుండ్రటి టేబుల్ ఒకటి తీసుకుని, వెడల్పు, లోతు రెండూ 960 సెంటీమీటర్లు, ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు పెట్టండి. అదే కారు తిరిగే చక్రం. దాన్ని రోడ్డు మీద, గేటు దగ్గర జరుపుతూ చూడండి. ఇది చక్రాలు తిరిగే గీత మాత్రమే. బంపర్ దానికన్నా బయటికి వస్తుంది కాబట్టి ఇంకో రెండడుగులు ఎక్కువే అనుకోండి. రోడ్డుకు అవతల కరెంటు స్తంభం, మోరీ ఉంటే అవి కూడా గీయాలి. వీధి ఇరుకైతే గేటు 10 కాదు, 12 అడుగులు కావాలని ఇక్కడే తేలుతుంది.

కారు బొమ్మ కోసం ఇంటర్నెట్ అంతా వెతకొద్దు. కారు సైజులో ఓ పెట్టె చాలు. మెరిసే కారు బొమ్మ పెడితే కళ్లు దాని మీదే ఉంటాయి, కొలత మీద ఉండవు.

రేకులు, సజ్జా, షట్టర్

ప్లాన్‌లో రెండు గోడల మధ్య మూడున్నర అడుగులు కనిపిస్తోంది కదా. పైకి చూడండి. ఇంటి కిటికీ మీద సజ్జా అడుగున్నర బయటికొస్తుంది. షెడ్డు రేకులు అడుగు బయటికొస్తాయి. పైన మిగిలే ఖాళీ ఒక్క అడుగే. వాన నీళ్లు ఆ సందులో పడితే గోడకి చెమ్మ ఖాయం. అందుకే రేకుల వాలు ఇంటివైపు కాకుండా ఉత్తరం వైపు ఇవ్వాలి. అక్కడ ప్రహరీ లోపల మన జాగా మూడున్నర అడుగులుంది, రేకు అడుగు బయటికొచ్చినా నీళ్లు పక్కింటి వాళ్ల మీద పడవు.

వాలు గీయడం తేలికే. ‘మాడిఫై వాల్స్’లో ‘స్లోపింగ్ వాల్’ ఎంచుకుంటే గోడ రెండు చివరలకూ వేర్వేరు ఎత్తులు ఇవ్వొచ్చు. ఇంటివైపు 10 అడుగులు, ప్రహరీ వైపు ఎనిమిదిన్నర. పన్నెండున్నర అడుగులకి అడుగున్నర వాలు, అంటే దాదాపు 7 డిగ్రీలు. రేకు కోసం పలుచటి పెట్టెను అంతే కోణంలో వంచి పైన పెట్టండి.

షట్టర్ దగ్గర మళ్లీ చిక్కు. 8 అడుగుల షట్టర్ అనుకుంటే, పైన అది చుట్టుకునే డ్రమ్ముకి ఇంకో అడుగు, అడుగుంబావు కావాలి. మొత్తం తొమ్మిదింబావు. ప్రహరీ వైపు గోడ ఎనిమిదిన్నరే ఉంది! రేకులు పెట్టాక షట్టర్ వాడు వచ్చి తల గోక్కునే పరిస్థితి. 7 అడుగుల షట్టర్ పెడితే సరిపోతుంది. ఇన్నోవా క్రిస్టా ఎత్తు ఆరడుగులు కూడా లేదు. పైన క్యారియర్ మీద సామాను కట్టుకుని వచ్చే అలవాటుంటే మాత్రం గోడ ఎత్తే పెంచుకోవాలి.

ఇంటికి శ్లాబ్ కాబట్టి అంత తంటా లేదు. పైన ఇంకో లెవెల్ పెట్టి, ఫ్లోర్ మందం ఐదంగుళాలు ఇచ్చి, ఇంటి ఆకారంలో ‘రూమ్’ గీయండి. చుట్టూ మూడడుగుల గోడ గీస్తే అదే పిట్టగోడ.

లోపల నడిచి చూడండి

3డీ మెనూలో ‘వర్చువల్ విజిట్’ నొక్కితే మీరే ఆ స్థలంలో నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కంటి ఎత్తు మార్చుకోవచ్చు. ఇంట్లో అమ్మ ఎత్తు పెట్టి ఆ వెనక గది కిటికీ దగ్గర నిలబడండి. మూడున్నర అడుగుల దూరంలో షెడ్డు గోడ తప్ప ఏమీ కనిపించదు. అక్కడ పడకగది ఉంటే కిటికీని పడమర గోడకి మార్చాలి. స్టోర్ రూమో, బాత్‌రూమో ఉంటే చిన్న వెంటిలేటర్ చాలు. ప్లాన్ చూసి ఈ సంగతి చెప్పగలిగేది ఇంజినీర్లే. నడిచి చూస్తే ఎవరైనా చెప్పేస్తారు.

‘క్రియేట్ ఫొటో’లో ఎక్కువ క్వాలిటీ ఎంచుకుంటే తేదీ, టైమ్ కూడా అడుగుతుంది. ముందే దిక్సూచి, ఊరు సరిగ్గా పెట్టారు కాబట్టి నీడలు దాని ప్రకారం పడతాయి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణం వైపే. కాబట్టి వాయవ్యంలోని షెడ్డు ఇంటికి మధ్యాహ్నపు ఎండను పెద్దగా ఆపదు. చలికాలంలో ఇంటి నీడే షెడ్డు మీద పడుతుంది. మే నెల సాయంత్రం 4 గంటలకు, డిసెంబర్ ఉదయం 9 గంటలకు రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఇది పర్మిషన్ ప్లాన్ కాదు

స్వీట్ హోమ్ 3డీకి పిల్లర్లు, పునాది లోతు, స్టీలు లెక్క తెలియవు. సెట్‌బ్యాక్‌లో షెడ్డు గీసినా ‘ఇది రూల్‌కి విరుద్ధం’ అని చెప్పదు. తెలంగాణలో 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల దాకా స్థలం, 10 మీటర్ల దాకా ఎత్తు ఉన్న ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో అనుమతి వస్తుంది. మన 300 గజాలు, అంటే దాదాపు 251 చదరపు మీటర్లు ఇందులోకే వస్తాయి. సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే చెప్పినదానికి బాధ్యత మీదే అని కూడా అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 బిల్డింగ్ రూల్స్ చూడాలి. రేకుల షెడ్డే కదా, దానికి పర్మిషన్ ఎందుకని కొందరు వదిలేస్తారు. సెట్‌బ్యాక్ జాగాలో ఏం కట్టొచ్చు, ఏం కట్టకూడదో లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌ని అడిగి, ఆ అంకెలు తెచ్చి మోడల్‌లో పెట్టుకోండి. మన మూడున్నర అడుగులు అక్కడ నాలుగో ఐదో అయితే పైన చెప్పిన సందు లెక్కంతా మళ్లీ వేయాల్సిందే. స్క్రీన్ మీద అది పది నిమిషాల పని.

విదేశాల నుంచి ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తున్నవాళ్లకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. ఎస్‌హెచ్3డీ ఫైల్ ఒకటి మెయిల్ చేసుకుంటే అక్కడా ఇక్కడా అదే మోడల్ తెరుచుకుంటుంది. ఒక జాగ్రత్త. అమెరికాలో చూసే ఇళ్ల గోడలు చెక్క ఫ్రేముల మీద కట్టినవి, మన ఇటుక గోడకన్నా పలుచన. అక్కడి ప్లాన్ నచ్చి అలాగే దించేస్తే ప్రతి గదిలోనూ కొన్ని అంగుళాలు తగ్గుతాయి.

మేస్త్రీకి మాత్రం 3డీ ఫొటో ఒక్కటే పంపితే లాభం లేదు. ప్లాన్‌ని స్కేల్‌తో పీడీఎఫ్‌గా ప్రింట్ తీయండి. అందులో ఇంటి మూల నుంచి షెడ్డు మూలకి, షెడ్డు నుంచి ప్రహరీకి, గేటు మధ్య నుంచి ఉత్తరం ప్రహరీకి ఎంతో డైమెన్షన్ గీతలతో వేసి ఉండాలి. ముగ్గు పోసే రోజు ఆ కాగితం, 100 అడుగుల టేపు పట్టుకుని మీరూ అక్కడే ఉండండి. ముగ్గు పడ్డాక, పార పడకముందే, కారును తెచ్చి ఆ గీతల మధ్య ఓసారి లోపలికి పోనిచ్చి వెనక్కి తీయించండి.